మారెక్క సంతకం ఎవరు పెట్టారు?

నోటుపుస్తకంలో మొదటి పేజీ మీద నేను రాసి ఇచ్చిన పేరును మారెక్క నమ్మలేదు. అక్షరాలు నేర్పడానికి కూర్చున్న నన్ను, మొదటి రోజే, పదిమంది ఆడవాళ్ళ ముందు ముఖం మీదే అనేసింది.

"ఇది నా పేరేనని ఏం గ్యారంటీ టీచరమ్మా? నువ్వు ఇంకోటి రాసిచ్చినా నాకి తెలుస్తాదా?"

నాకు ఒళ్ళు మండింది. నా పేరు ప్రశాంతి. పేరుకీ నోటికీ పొత్తు లేదని మా ఊళ్ళో అంటారు, అననీ. "నీ పేరు మార్చి రాస్తే నాకేం ఒరుగుతాది మారెక్కా? పనీ పాటా లేక కూర్చోనుండానా ఈడ?" అన్నాను. ఆమె పుస్తకం చంకలో పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చి బుద్ధిగా చాప మీద కూర్చుంది. ఆ మూడు రోజులూ ఏం చేసిందో తర్వాత తెలిసింది. బస్సు కండక్టరుకు ఒకసారి, రేషను డీలరుకు ఒకసారి, మండల కేంద్రం విడపనకల్లులో మందుల షాపు అతనికి ఒకసారి ఆ పేజీ చూపించి, "ఇందులో ఏం రాసిండాదప్పా?" అని అడిగిందట. ఒకరికి చూపించినట్టు ఇంకొకరికి చెప్పలేదట. ముగ్గురూ మారెక్క అనే చదివారు.

"నువ్వు అబద్ధం చెప్పల్యా," అంది నాతో, ఏదో పరీక్షలో నన్ను పాసు చేసినట్టు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

మారెక్కకు నలభై అయిదేళ్ళు ఉంటాయి. గొర్రెలు కాచుకునే ఇంటి మనిషి. వానల్లేని రెండేళ్ళలో మేత దొరక్క మందంతా అమ్ముకున్నారు. ఇప్పుడు ఆమె మొగుడు ఓబుళేసు కూలికి మంది గొర్రెలు తోలుకుని పోతాడు, అదీ మోకాలు సహకరించిన రోజున. మారెక్క ఏటా మిరపకాయలు కోయడానికి బళ్ళారి దిక్కుకు పోతుంది. మూడు నెలలు ప్లాస్టిక్ పట్టల కింద బతుకు. కాయలు తెంపీ తెంపీ చేతులు ఎంత మండుతాయంటే ముద్ద కలుపుకోవడానికి కూడా లేదు, పక్కవాళ్ళ చంటిపిల్లను ఎత్తుకున్నా అది ఏడుస్తుంది. "ఆ కోతకి ఇంగ పోలేను టీచరమ్మా, నా వల్ల గాదు," అని ఒక్కసారి మాత్రం నాతో అంది.

కాగితమంటే ఆమెకు అంత అనుమానం ఎందుకో కూడా చెప్పాలి. ఆమె చిన్నప్పుడు ఎవరో వచ్చి గొర్రెలకు మందు ఇస్తామని చెప్పి వాళ్ళ నాయన చేత వేలిముద్ర వేయించుకున్నారు. మందు రాలేదు. ఆరు నెలలకు సమన్లు వచ్చాయి. ఎవరెవరో గట్టు కాడ తన్నుకున్న కేసులో ఆయన సాక్షి అయి కూర్చున్నాడు! ఆ తగాదా ఆయన కళ్ళతో చూసిందే లేదు. గుంతకల్లు కోర్టుకు మూడేళ్ళు తిరిగాడు పాపం. "మా నాయన ఏలు ఈడ ఒత్తితే, కాళ్ళు ఆడ అరిగినాయి," అనేది మారెక్క.

వయోజన విద్యకని ప్రభుత్వం గ్రాంటు ఇస్తే, పంచాయతీ పాత గదిలో మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా నేను క్లాసు పెట్టాను. నేను ఇంటరు చదివిన కోడలిని. మా అత్తగారిది భూములున్న ఇల్లే గానీ నాలుగు బోర్లూ ఎండాక ఆ భూములు చెప్పుకోవడానికే మిగిలాయి. నెలనెలా గౌరవ వేతనం వస్తుందంటే ఒప్పుకున్నాను. అంతకు ముందు నుంచే ఊళ్ళో ఫారాలు నింపే పని నాదే. పింఛనైనా, ఇల్లైనా, పంట నష్టమైనా అందరూ జిరాక్సులు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవాళ్ళు.

మారెక్క నేర్చుకున్నట్టు ఎవరూ నేర్చుకోలేదు. నేను రాసిన మచ్చు కింద వరసలు వరసలుగా దించేది. నా చేతికి ఒక అలవాటు ఉంది, చివరి అక్షరం తోకను కిందికి లాగి ఎడమకు విసురుతాను. ఆమె ఆ విసురు కూడా వదల్లేదు. "నీ ఇష్టమొచ్చినట్టు రాయి, నా మాదిరే ఉండల్లని లేదు," అంటే వినలేదు.

"ఇట్ల రాసిందాన్నే గదా ముగ్గురు చదివినారు? మారిస్తే మళ్ళా ముగ్గుర్ని అడగల్ల," అంది.

ఎనిమిది నెలలకు బస్సు బోర్డులు చదివింది. మందు డబ్బా మీద తేదీ దాటిపోయిందని చదివి ఓబుళేసు చేతిలోంచి లాగి పారేసింది. ఇకమీదట ఎక్కడా వేలు ఒత్తనని చాముండమ్మ గుడి ముందు ఒట్టు పెట్టుకుంది. ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

అప్పుడు వచ్చింది కుట్టు శిక్షణ. ప్రభుత్వ గ్రాంటు డబ్బుతో విడపనకల్లులో కేంద్రం తెరిచారు. మూడు నెలలు కరెంటు మిషను మీద ప్యాంట్లు కుట్టడం నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళను మండలంలోనే పెట్టబోయే కుట్టు యూనిట్లో పనికి తీసుకుంటారు. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రావచ్చు. సంతకం చేయడం వస్తే చాలు, చదువు అడగరు. మారెక్క నాకంటే ముందే వెళ్ళి ఆటోలో కూర్చుంది.

కేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు విష్ణువర్ధన్. మారెక్క ఆధార్ నంబరు కొట్టి, తల గోక్కుని, మళ్ళీ కొట్టాడు.

"ఏమక్కా, నువ్వు రెండేళ్ళ కిందటే శిక్షణ తీసుకున్నావంట గదా?"

"యాడ?"

"కుట్టు శిక్షణే. నలభై అయిదు రోజులు. పాసైనావు కూడా. ఉద్యోగం వచ్చినట్టు చూపిస్తాండాది, గోరంట్లలో." అతను స్క్రీను మా వైపు తిప్పాడు. "మనిషికి ఒకసారే అక్కా. రెండోసారి సిస్టం తీసుకోదు."

మారెక్క స్క్రీను వైపు వంగి తన పేరు తనే చదువుకుంది. గోరంట్ల ఏ దిక్కున ఉందో కూడా ఆమెకు తెలియదు.

"గోరంట్లలో ఉండే మారెక్క జీతం ఎవరు తింటాండారు?" అంది.

ఆ నాటి నుంచి అనుమానాల జాతర మొదలైంది. మొదట విష్ణువర్ధన్‌ను పట్టుకుంది. ఆ సీటు ఎవరికో అమ్ముకున్నాడని కేంద్రం మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పింది. పాపం, అతను పనిలో చేరి నెల కూడా కాలేదు. తర్వాత మా మహిళా సంఘం లీడరు యశోదమ్మ వంతు. సంఘం పుస్తకాల్లో అందరి జిరాక్సులూ ఆమె దగ్గరే ఉంటాయి కాబట్టి ఆమే ఇచ్చి ఉంటుందని. యశోదమ్మ ఊరుకుంటుందా? కుళాయి దగ్గర ఇద్దరూ బిందెలు పెట్టి అరగంట తిట్టుకున్నారు.

నిజం చెప్పాలంటే నేనూ మారెక్క పక్షమే. విష్ణువర్ధన్ నాతో మాట్లాడేటప్పుడు కళ్ళు ఎందుకు దించుకుంటాడని అనుకున్నాను. యశోదమ్మ ఇంటికి కొత్త గ్రిల్లు ఎక్కడి నుంచి వచ్చిందని కూడా అనుకున్నాను. రెండేళ్ళ కిందట శిక్షణ ఇచ్చినట్టు ఇట్లాంటి పేర్లు చూపించి గ్రాంటు తిని పోయిన సంస్థ ఏదైనా, దానికి ఊళ్ళో ఎవరో ఒకరు లోపలి మనిషి సాయం చేసే ఉండాలని అందరి ముందూ గట్టిగా అన్నాను. జిల్లా ఆఫీసుకు ఫిర్యాదు కూడా నేనే తయారు చేశాను. "పేదల పేర్లు అమ్ముకున్న దొంగలెవరో తేల్చండి" అన్న ముక్క నాదే. దాని కింద మారెక్క సంతకం చేసింది.

విచారణకు రామాంజనేయులు అనే అధికారి కేంద్రానికి వస్తున్నాడని, సంఘం లీడరుగా యశోదమ్మను కూడా రమ్మన్నాడని కబురొచ్చింది. ఆ పొద్దున ఆటోలో మేం ముగ్గురం, నేనూ మారెక్కా యశోదమ్మా, ముగ్గురం మూడు వైపులకు చూస్తూ కూర్చున్నాం. యశోదమ్మే మొదట నోరు తెరిచింది.

"మారెక్కా, నా మీద కోపం పక్కన పెట్టి విను. పాత ఫారంలో సంతకం ఉండాదంట. నీకి సంతకమే రాదని చెప్పు, ఏలిముద్ర ఒత్తు. పని అయిపోతాది."

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. "అవును మారెక్కా," అన్నాను. "ఆ పొద్దు నీకి రాదు గదా? ఈ పొద్దు కూడా రాదనే చెప్పు. ఒక్కసారికి ఏం కాదు. సీటు ముఖ్యం."

మారెక్క నా వైపు తిరిగింది.

"ఎనిమిది నెలలు నేర్పించి, ఇప్పుడు రాదని చెప్పమంటాండావా? ఎవరు చెప్పమన్నారు నీకి?"

"ఎవరు చెప్తారు? నీ మంచికే చెప్తాండా."

"మా నాయనకీ మంచికే చెప్పినారు," అని ముఖం తిప్పేసుకుంది. ఛీ, ఈమెకు మేలు చేయడం కూడా తప్పే అనుకున్నాను.

రామాంజనేయులు సార్ యాభై దాటిన మనిషి, నిదానస్తుడు. ముందు అందరికీ టీ తెప్పించాడు. టీ తాగాక బల్ల మీద పాత ఫైలు పెట్టి, తెరవకుండా దాని మీద చెయ్యి పెట్టుకుని అడిగాడు.

"చూడమ్మా మారెక్కా. రెండేళ్ళ కిందట శిక్షణ కావాలని దరఖాస్తు పెట్టుకున్నట్టు నీ సంతకం ఉండాది. నువ్వే పెట్టినావా?"

"లేదు సారూ. అప్పుడు నాకి సంతకం రాదు."

"ఇప్పుడు వస్తాదా?"

యశోదమ్మ ఆమె మోచేతిని గిల్లింది. నేను గొంతు సవరించుకున్నాను. మారెక్క మా ఇద్దరినీ పట్టించుకోలేదు.

"వస్తాది," అంది.

నాకు తల కొట్టుకోవాలనిపించింది. సార్ తెల్లకాగితం ముందుకు తోశాడు. మారెక్క పెన్ను పట్టుకుని, నాలుక కొన పంటికింద పెట్టుకుని, తీరిగ్గా తన పేరు రాసింది. చివరన తోక లాగి ఎడమకు విసిరింది. సార్ ఫైలు తెరిచి పాత ఫారం తీసి ఆ కాగితం పక్కన పెట్టాడు. ఒకసారి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అచ్చు గుద్దినట్టు ఉండాయి సార్," అన్నాడు వెనక నుంచి విష్ణువర్ధన్. ఇన్నాళ్ళూ పడిన మాటల కసి అంతా అతని గొంతులో వినిపించింది.

"అవునప్పా, ఒకే చెయ్యి," అన్నాడు సార్. మారెక్కతో మాట్లాడేటప్పుడు గొంతు మారింది. "ఏమ్మా, శిక్షణ తీసుకుని, పని వదిలేసి వచ్చి, మళ్ళీ సీటు కోసం మంది మీద ఫిర్యాదు పెడతావా? ఇది తప్పుడు ఫిర్యాదని రాస్తే నీ పేరు పూర్తిగా తీసేస్తారు. ఇంక ఏ శిక్షణకీ రాకుండా పోతావు. తెలుస్తాందా?"

నేను ముందుకు వంగి చూశాను.

అది నా దస్తూరి. ఫారం నింపిన దస్తూరీ నాదే, కింద సంతకమూ నాదే. రెండేళ్ళ కిందట బడి ముందు ఏదో సంస్థ జీపు ఆగింది. పిల్లొకతి ఫారాల కట్ట ఇచ్చి, వేలిముద్రలుంటే వెనక్కి వస్తాయి, సంతకాలే కావాలి, మధ్యాహ్నంలోపు ఇచ్చేయండి అంది. కుట్టుమిషన్లు ఇస్తారేమో అనుకున్నాం. సగం మంది పొలాల్లో ఉన్నారు, కొందరు ఊళ్ళోనే లేరు. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు జిరాక్సులు తెచ్చి నా ఒళ్ళో పోశారు. మా వైపు ఫారం నింపినవాళ్ళే సంతకం కూడా పెట్టేయడం మామూలు. ఎవరూ దాన్ని తప్పనుకోరు, నేనూ అనుకోలేదు. గంటలో ఇరవై రెండు ఫారాలు, ఇరవై రెండు సంతకాలు. ప్రశాంతమ్మ ఉండబట్టి పనైందని అందరూ మెచ్చుకున్నారు. మిషన్లు రాలేదు, నేను ఆ సంగతే మర్చిపోయాను. ఇప్పుడు మారెక్క నా చేతిని చూసి దించుకున్న అక్షరాలు, నేను ఆమె పేరున పెట్టిన దొంగ సంతకానికి సాక్ష్యమై కూర్చున్నాయి. ఊళ్ళో లోపలి మనిషి ఎవరా అని నేను వెతుకుతూ తిరిగాను గదా, ఆ మనిషిని నేనే.

మారెక్క ఆ పాత ఫారం వైపు ఎక్కువసేపు చూడలేదు. ఎనిమిది నెలలుగా రోజూ ఆమె చూస్తున్నది ఆ చేతినే. తల ఎత్తి నన్ను చూసింది.

"టీచరమ్మా. నువ్వు చెప్పు."

"నేనేం చెప్పల్ల?" నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. క్లాసు పోతుంది, నెలనెలా వచ్చే ఆ నాలుగు రూపాయలూ పోతాయి, మా ఇంటి పేరు ఊళ్ళో అందరి నోళ్ళలో నానుతుంది అని, అన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయి. మాట్లాడకుండా ఉంటే చాలు, అంతా మారెక్క మీదికే పోతుంది. ఆ సంగతీ నాకు తోచింది. తోచలేదని చెప్పను.

"నేను చెప్తే, సీటు కోసం మంది మీద తోస్తాండాదంటారు," అంది మారెక్క. "నువ్వే చెప్పల్ల."

ఆమె ఒళ్ళో సంచీ ఉంది, సంచీలో నేను మచ్చు రాసిచ్చిన నోటుపుస్తకం ఉంది. తీసి బల్ల మీద పెడితే క్షణంలో తేలిపోతుంది. ఆమె తీయలేదు. సంచీ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులను చూశాక నేను ఇక ఆగలేకపోయాను.

"సార్, ఆ సంతకం నాది," అన్నాను. "మారెక్కది కాదు. నేనే పెట్టినా. ఆమె నా దగ్గర నేర్చుకుంది కాబట్టి ఒక మాదిరి ఉండాయి."

సార్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఎంతమందికి పెట్టినావమ్మా?"

"ఇరవై రెండు మందికి."

"మా కోడలికి కూడానా?" అంది యశోదమ్మ. నేను తలూపాను. "అయ్యో నీ చేతులు పడిపోను! కుళాయి కాడ నన్ను తిట్టించి, నువ్వు పక్కన నిలబడి సూస్తాంటివి గదమ్మే!"

పడాల్సిన తిట్టే, పడ్డాను. సార్ మాత్రం తిట్టలేదు. జరిగింది జరిగినట్టు రాసివ్వమన్నాడు. ఆ కాగితం పోతే మారెక్క పేరు మీద పాత శిక్షణ కొట్టేస్తారని, సోమవారం నుంచి ఆమె కేంద్రానికి రావచ్చని చెప్పాడు. నా క్లాసు సంగతి పైవాళ్ళు చూసుకుంటారన్నాడు. నేను పెన్ను తీసుకుని రాశాను. జీపు, ఫారాలు, సంతకాలు, అన్నీ రాశాను. పూర్తి చేసి సంతకం పెట్టబోతుంటే మారెక్క చెయ్యి అడ్డం వచ్చింది.

"ఇట్లియ్యి. చదవల్ల."

కాగితం తన ముందుకు లాక్కుని, ఒక్కో పదం కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదవసాగింది. విష్ణువర్ధన్ గడియారం చూసుకున్నాడు. సార్ ఇంకో టీ చెప్పాడు. నాలుగో వరసలో ఆమె వేలు ఆగిపోయింది.

"సదరు... మహిళలు... కోరిన మీదట. అంటే?"

నేను కాగితం వైపే చూశాను. "మీరు అడిగితే పెట్టినానని."

"నేను అడిగినానా?"

"ఫారాల్లో అట్లే రాస్తారు మారెక్కా..."

"నేను అడిగినానా? ఆ పొద్దు నేను ఊళ్ళోనే ల్యా. మిరపకాయల్లో ఉండా. మా ఇంటి ఆయప్ప జిరాక్సు ఇచ్చింటాడు, అంతే."

"పోనీలేమ్మా," అన్నాడు సార్. "చిన్న మాట."

"చిన్నదైతే తీసేయండి సారూ."

ఆ ముక్క నేను కావాలని పెట్టానా? ఏమో. ఒప్పుకోవడానికి కూర్చున్నాక కూడా నా చెయ్యి నన్ను కాపాడబోయింది. కొట్టేశాను. ఆమె ఆ వరసను మళ్ళీ మొదటి నుంచి చదివి, చివరిదాకా పోయి, కాగితం నా వైపు జరిపింది.

"ఇప్పుడు పెట్టు. ఈసారి నీ పేరు పెట్టు."

పెట్టాను. ప్రశాంతి అని నాలుగు అక్షరాలైనా లేవు, అవి రాయడానికి చెయ్యి మొరాయించింది.

"మిగతా ఇరవై ఒక్కమంది పేర్లు కూడా కావల్ల," అన్నాడు సార్. "వాళ్ళవీ కొట్టేయించాల." నేను ఇంకో తెల్లకాగితం అందుకోబోయాను. మారెక్క దాన్ని నాకంటే ముందే తీసుకుంది. పెన్ను కూడా నా చేతిలోంచి తీసుకుంది.

"నువ్వు చెప్పు," అంది. "రాసేది నేను."

"ఓబమ్మ," అన్నాను.

ఆమె వంగి రాసింది. ఒక అక్షరం కుదరలేదు, దాన్ని కొట్టేసి మళ్ళీ రాసుకుంది. నేను సాయం చేయబోలేదు.

"ఊఁ, తర్వాత?" అంది, తల ఎత్తకుండానే.